పదికి రెండు

హలో… ఆ, నేనేరా, మల్లీశ్వరక్కను. గొంతు గుర్తు పట్టలేదా… చేన్లో ఉండా, గాలి. శెనక్కాయ చెట్లు పెరుకుతాండాం.

ఏమప్పా తిప్పేషూ, వెన్ను వంకర తీసే ఆపరేషన్ అయి నాలుగు దినాలాయ, ఇంగా పడుకోనే ఉండావంట… ఎవురు చెప్తే ఏమిలే… సరే, మీయమ్మే చెప్పింది. ఏడుస్తా చెప్పింది. చాల్నా?

…లేస్తావా. ఎప్పుడు, ఉగాదికా?

…నేనా? రెండేండ్ల కింద నాకు ఇదే ఆపరేషన్ అయినప్పుడు రెండో దినమే నిలబడినా. నాలుగో దినానికి వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచినా… ఆ, ఆడపిల్లనే. అయితే?

…ఎవురన్నారు? మీ నాయన, అదే మా చిన్నాయనా? మగపిల్లోళ్ల ఎముక గట్టిది, అందుకే లేసేకి సేపు పడతాదనా… అది కొంచెం నిజమేరా. పెద్ద డాక్టరు మాతోనూ అన్నాడు, మగపిల్లోళ్ల వంకర బిర్రుగా ఉంటాది, సరిచేసేకి ఎక్కువ కష్టపడాల అని. ఆ కష్టం ఆయప్ప పడినాడు, అయిపాయ. నిన్ను కూడా బిర్రుగా పడుకోమని చీటీ రాసిచ్చినాడా?… నవ్వొద్దు, నవ్వితే లాగుతాది.

లాగిందా… ఎంత?

…ఊరికే అడుగుతాండాలే. సిస్టరు పొద్దున వచ్చి అడుగుతాది కదా, సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని. నువ్వు ఏం చెప్తాండావు?

…రెండా.

తిప్పేషూ. నా వీపులోనూ నీకు బిగించినట్లాంటి కడ్డీలే ఉండాయిరా. నాతో చెప్తాండావా రెండని?… నేను ఎనిమిది చెప్పినా. ఒక తూరి తొమ్మిది కూడా చెప్పినా. వార్డంతా వినేతట్టు ఏడ్సినా. సూది ఏసినారు, నొప్పి తగ్గె, లేసి నడిచినా. అంతే నా గొప్ప. నువ్వు రెండంటే రెండుకు సరిపోయే మాత్రే ఇస్తారు, పాపం వాళ్లకేం తెలుసు…

ఎందుకు చెప్పినావు అట్ల?

…ఆ.

మొదటి దినం మీ నాయన పక్కనే నిలబడుకోనుండాడా. నువ్వు రెండంటానే మీసం తిప్పినాడా… తెలుసులే, మాకూ ఫోన్ వచ్చె. మావాడు పదికి రెండే అన్నాడు, వాని గుండె చూడు అని మన ఊరు కుందుర్పంతా చెప్పినాడు. ఈడుంటే గొర్రెలకు కూడా చెప్తాండె.

…ఇప్పుడు మాట మార్చేకి సిగ్గా?

నాకు లేకుండెనా సిగ్గు. నన్ను ఊరంతా ఒకటే అడిగిరి, వీపు మీద మచ్చ కనపడతాదా, రవిక ఎట్ల కుట్టించుకుంటావు అని. నిన్ను ఎవురన్నా అడిగినారా మచ్చ గురించి?… అదీ. నన్ను మచ్చ దాచుకోమనిరి, నొప్పి దాచుకోమని ఎవురూ అనలా. నిన్ను నొప్పి దాచుకోమంటాండారు. అంతేరా నీకూ నాకూ తేడా.

…వినపడతాండాదా? ఊ అను.

చిన్నాయన యాడుండాడు?… టీకి పోయినాడా. మంచిదే. సిస్టరు?… పిలువు.

…లేదు, నేను చెప్పను. నువ్వే చెప్పల్ల. ఫోన్ పెట్టొద్దు, వింటా ఉంటా.

చెప్పురా.

…

తొమ్మిదా.

నాలుగు దినాలూ… తొమ్మిదేనా.

…ఏం లేదు. తిట్టేది ఇంటికొచ్చినాక తిడతా. సూది తెస్తానన్యాదా?… పోయిందా. సరే, సూది ఏసినాక ఒక అరగంట ఆగి లేయి. సిస్టరు పట్టుకుంటాది. మొదటి అడుగుకు కండ్లు తిరుగుతాయి, భయపడొద్దు. రెండో దాన్నుంచి పెరిగిన నీ పొడుగు చూసి నీకే… ఏమి? ఎందుకు గుసగుసగా మాట్లాడతాండావు?

…చిన్నాయనా? వాకిట్లోనా?

…అంతా విన్యాడా.

ఏం చేస్తాండాడు?… మంచం మీద కూచున్యాడా. నీ కాళ్లు ఒత్తుతాండాడా.

…ఒత్తనీరా. కాళ్లు తీయొద్దు.

…ఏమడుగుతాండాడు?… నిజంగా ఎంతరా అనా.

నాకు చెప్పినావు, సిస్టరుకు చెప్పినావు. ఇప్పుడు ఆయనకు చెప్పు. నేను పెట్టేస్తాండా…