'నొ' కొడితే వచ్చే వాక్యం

వార్డు పక్క గదిలో ఇద్దరు నర్సులు టీ తాగుతున్నారు. పొద్దున రౌండ్సులో డాక్టరు చిన్నామె నోట్సును అందరి ముందూ చదివి, "రాస్తే ఇలా రాయాలి" అన్నాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న పెద్దామెకు అప్పటినుంచీ టీ కూడా రుచించడం లేదు.

"ఏమ్మా, ఇవాళ కాళ్ళు నేల మీద ఆనుతున్నాయా?"

"ఊరుకోండక్కా, అదంతా ఈ ట్యాబ్ కీబోర్డు చలవ. రోగిని చూసొచ్చి 'నొ' అని కొడతాను. వాక్యమంతా దానంతటదే పడుతుంది. చూడండి."

"నొప్పి పక్కకు తిరిగినప్పుడే ఉంది. నడుము కింద దిండు మార్చాక తగ్గింది" అని తెరమీద పడింది.

"ఈ దిండు సంగతి నీకెవరు చెప్పారు?"

"మీరే. మీ పాత కేస్ షీట్లు ముందేసుకుని నలభై వాక్యాలు ఇందులోకి ఎక్కించుకున్నాను."

పెద్దామె కప్పు కింద పెట్టింది.

"అంటే ఆయన మెచ్చుకున్నది నా రాతనా?"

"అక్షరం పొల్లు పోకుండా మీదే."

"మరి ఇన్నేళ్ళూ వేళ్ళరిగేలా రాశానే! నాతో ఒక్క మంచిమాట అంటే ఆయన నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"మీ చేతిరాత ఆయనకి అర్థమయ్యేది కాదటక్కా. చదవకుండానే సంతకం పెట్టేవాణ్ణని ఇందాక ఆయనే అన్నారు."

పెద్దామె కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"సరే. ఆ కీబోర్డులో చిన్న మార్పు చెయ్యి. ప్రతి వాక్యం చివరా నా పేరు పడాలి."

"మీ ట్యాబ్‌లోనేగా అక్కా?"

"కాదు. నీదాంట్లో."