కారణం గడి ఖాళీగా వదలని మల్లేశ్వరి గారు

1990 జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం, ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చిన శ్రీమతి మల్లేశ్వరి గారు ఆదోని కరుణాలయ ఆసుపత్రి రికార్డుల విభాగంలో సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. విభాగమంటే అప్పట్లో మందుల గది వెనుక ఒక కిటికీ, ఒక బల్ల, పైకప్పును తాకే కాగితాల కట్టలు. డిగ్రీ చదివిన అమ్మాయి ఈ దుమ్ములో ఎన్నాళ్లుంటుందిలే అని అనుకున్నవారందరూ ఆమెకంటే ముందే పదవీ విరమణ చేశారు.

చేరిన కొత్తలో ఆమె కేసు షీట్లన్నిటినీ పేర్ల అక్షరక్రమంలో ఎంతో ముచ్చటగా అమర్చారు. మన ప్రాంతంలో ఆ పద్ధతి ఎలా నిలుస్తుంది? ఒక అర నిండా ఈరన్నలే తేలారు. పంటి నొప్పితో వచ్చిన ఈరన్నకు మరో ఈరన్న కాలికట్టు విప్పే తేదీ చెప్పి పంపగా, ఆయన ఆ తేదీకి బుద్ధిగా వచ్చి కాలు చాపుకొని కూర్చున్నారు. ఆనాటి నుంచి ఊరి పేరు, తండ్రి పేరు లేకుండా ఏ షీటూ మల్లేశ్వరి గారి చేయి దాటలేదు.

తరువాత కొన్నేళ్లు ఎమ్మిగనూరు శాఖలో రికార్డుల బాధ్యత ఆమెదే. మగ్గాల వీధుల నుంచి వచ్చే దగ్గు రోగుల వివరాలను ఆమె అక్కడ భద్రపరచిన తీరును చూసి, యాజమాన్యం ఆమెను కర్నూలుకు శిక్షణకు పంపింది. తిరిగి ఆదోనికి వచ్చేసరికి కట్టల స్థానంలో కంప్యూటరు, ఆమె హోదాలో కోడింగ్ అధికారి అన్న మాట చేరాయి. ప్రతి రోగానికీ ప్రపంచమంతటా చెల్లే ఒక సంఖ్య ఉంటుంది. గాయమైతే దాని కారణానికి మరొక సంఖ్య వేయాలి. ఆ రెండవ సంఖ్య దగ్గర చాలాచోట్ల ‘తెలియదు’ అని సరిపెట్టుకుంటారు. మల్లేశ్వరి గారు మాత్రం ఆ గడి ఖాళీగా కనిపిస్తే షీటు పట్టుకొని వార్డుకు నడిచేవారు. మంచం పక్క స్టూలు మీద కూర్చొని ముందు వానల గురించి, వేరుశనగ ధర గురించి మాట్లాడేవారు. ఆ తరువాతే అసలు సంగతి.

2016లో ఆలూరు వైపు పల్లె నుంచి తిమ్మన్న అనే రైతు ఆయాసపడుతూ వచ్చారు. పక్కటెముక విరిగి, ఛాతీలోకి గాలి చేరి, ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. డాక్టర్ అశ్విని గారు ఛాతీలోకి గొట్టం అమర్చి గాలి తీయగానే ఊపిరి నిలదొక్కుకుంది. ఇక ఇంటికి పోతానని తిమ్మన్న పట్టుబట్టారు. మిద్దె మీద నుంచి వెల్లకిలా పడ్డానని ఆయన చెప్పింది డాక్టరు గారికి నమ్మశక్యంగా లేదు. దెబ్బేమో పక్కకు తగిలింది. “మల్లేశ్వరి గారూ, నేనడిగితే చెప్పడం లేదు. మీరొకసారి కూర్చుంటారా?” అన్నారు.

స్టూలు లాక్కొని మల్లేశ్వరి గారు కాసేపు వానల మాట మాట్లాడి, “మిద్దె ఎంత ఎత్తుంటాదప్పా?” అన్నారు.

తిమ్మన్న నోరు తెరిచేలోగా ఆయన భార్య హులిగెమ్మ అందుకున్నారు. “మనకు మిద్దె యాడుందయ్యా? రేకులిల్లు కదా.”

“పక్కింటోళ్ల మిద్దె.”

“వాళ్లతో మాట్లాడక రెండేండ్లాయ. వాళ్ల మిద్దె యెందుకెక్కితివి? సుట్టమై పోతివా?”

పక్క మంచం వాళ్లు కూడా నవ్వేశారు. తిమ్మన్న గొట్టం ఉన్న వైపు చేయి అదుముకొని, “నవ్వించొద్దే, నొప్పి” అని వేడుకున్నారు.

మల్లేశ్వరి గారు నవ్వు ఆపుకొని, నెమ్మదిగా అన్నారు. “వీపు మీద పడినావంటే డాక్టరమ్మ వెన్ను సూస్తాది. పక్కన యేమైనా తగిలుంటే కడుపు లోపల సూడాల. లోపల రక్తం కారుతాంటే ఆలూరు ఆటోలో కుదుపులకు యేమైతాదో నేను జెప్పలేను. నీ ఇష్టమప్పా.”

తిమ్మన్న గొంతు తగ్గించారు. “మా బసవడే అక్కా. మేత కాడ తల ఇసిరినాడు. కోపం గాదు, ఈగలు. యజమాన్ని పొడిసిన ఎద్దును మా ఊర్లో పందెం బండకు కట్టనియ్యరు. అమ్ముకోమంటారు. ఈమె సంకలో పెట్టుకోని సాకిన దూడది.”

హులిగెమ్మ తలవంచుకున్నారు. ఆ మాట ఆమెకూ అప్పుడే తెలిసింది.

“డాక్టరమ్మకు జెప్తా, కంప్యూటర్లో ఒక సంఖ్య ఏస్తా. అంతే. నీ ఎద్దు పేరు రాసేకి ఆడ గడే లేదు” అన్నారు మల్లేశ్వరి గారు.

వారానికి రెండు రోజులే వచ్చే స్కానింగు డాక్టరును అశ్విని గారు ఆ మధ్యాహ్నమే పిలిపించారు. ప్లీహానికి చిన్న చీలిక, లోపల కొంత రక్తం. తిమ్మన్నను కదలనీయకుండా మంచం మీదే ఉంచి కనిపెట్టుకున్నారు. కోత అవసరం లేకుండానే అది మానింది. మల్లేశ్వరి గారు గాయానికొక సంఖ్య, పశువు తగలడానికొక సంఖ్య వేశారు. ఆ మాట వార్డు దాటలేదు. బసవడు ఆ పై జనవరిలో పందెం బండ లాగాడు. గెలవలేదు గానీ, తిమ్మన్న లెక్కలో అది బండదే తప్పు.

ఈ సంగతి ఇక్కడ రాయడానికి అనుమతి ఇచ్చింది తిమ్మన్నే. బసవడు వృద్ధాప్యంతో కాలం చేశాక, “ఇంగ యెవురికైనా జెప్పుకోండి, వాణ్ని అమ్మేటోళ్లు లేరు” అన్నారు. మల్లేశ్వరి గారి విరమణ సంగతి విని మొన్న దంపతులిద్దరూ ఆసుపత్రికి వచ్చారు. హులిగెమ్మ కొర్రల మూట బల్ల మీద పెట్టారు. తిమ్మన్న మాత్రం నిలబడే ఉండి, “ఇంగ మీదట నిజం యెవురికి జెప్పాలక్కా?” అని అడిగారు.

మల్లేశ్వరి గారు తన స్థానంలో చేరిన సునీతను ముందుకు పిలిచారు. “ఈమెకు జెప్పప్పా. తొందరపెట్టదు” అన్నారు. సునీత కుర్చీ జరిపి, “కూసో మామా, ఈసారేమైంది?” అన్నారు. అప్పుడు గానీ తిమ్మన్న కూర్చోలేదు.

ఇన్నేళ్లూ ఇంటి పనిని సగం పంచుకున్న భర్త ఆదెప్ప గారితో కలిసి, ఏ బస్సు వేళా గుర్తుపెట్టుకోనవసరం లేని ఉదయాలను మల్లేశ్వరి గారు చిరకాలం ఆరోగ్యంగా, ఆనందంగా, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటూ అనుభవించాలని కరుణాలయ కుటుంబం మనసారా కోరుకుంటోంది.