పాలకూర తినే సర్జన్ చేప

మార్కాపురంలో ఇనుప సామాను దుకాణం నడిపే రంగనాయకులు ఇంట్లో గాజుతొట్టి పెట్టి సముద్రపు చేపను పెంచుతున్నాడు. పేరు సర్జన్ చేప. తోక పక్కన చిన్న కత్తిలాంటి ముల్లు ఉంటుంది, అందుకే ఆ పేరు. ఇవాళ చూడ్డానికి రమ్మని టీకొట్టు జనాన్ని తనే పిలిచాడు. తీరా తెల్లారి చూస్తే అది వెల్లకిలా తేలుతోంది. తొట్టినీళ్లలో కలిపే ప్యాకెట్ ఉప్పు అయిపోతే, మన బోరునీళ్లు ఎట్లాగూ ఉప్పే గదా అని నిన్న రెండు బిందెలు పోసింది కూడా తనే. ఆ మాట నలుగురిలో చెప్పుకోలేడు. అందుకని, ఎవరూ ఇంటిదాకా రాకుండా చూసుకోవాలని టీకొట్టుకొచ్చి కోతలకు దిగాడు.

"ఇయ్యాల వద్దులే నాగేంద్రా. దానికి కొత్తోళ్లంటే పడదు. నా చేతిలో పాలకూర పెడితేనే తింటది."

"చేప చేతిలో తింటదా మామా? మా మేకలే నా చేతిలో తినవు," నాగేంద్ర నవ్వాడు.

"తినేదేంది, మొన్న కట్టకున్న దారం తోక కత్తితో అదే కోసుకున్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ అత్త ఉల్లిగడ్డలు తరుగుతా ఏడుస్తుంటే చూడలేకపోయింది. వాటిని తొట్టిలో వేస్తే, గిర్రున ఒక్క తిప్పు తిరిగి సన్నగా తరిగి పైకి వదిలింది. ఈ సంగతి పలకల ఫ్యాక్టరీ వాళ్ల చెవిన పడనే పడింది, మిషన్ చెడిపోయిందన్నా అని బండలు తెచ్చినారు, మధ్యాహ్నానికల్లా లారీడు పలకలు కోసి పెట్టింది, అంచులు కూడా నున్నగా."

"అన్నమన్నా పెట్టినారా దానికి?" టీ వడపోస్తూ అడిగాడు కొట్టు మస్తానయ్య.

"పనిలో ఉంటే ముట్టదు. అట్ల పెరిగీ పెరిగీ ఇప్పుడు తల వంటింట్లో, తోక వాకిట్లో. గోడలు పగలగొట్టి తొట్టి కట్టించినా. అది పక్కకు తిరిగితే గిద్దలూరు దాకా మంచాలు కదిలినాయంట."

"అంత పెద్దదైతే ఇప్పుడే చూడాల," నాగేంద్ర లేచాడు. మస్తానయ్య స్టవ్ ఆపేశాడు.

రంగనాయకులు చేతులు అడ్డం పెట్టాడు. "రేపు రాండి. ఈ పొద్దు దానికి జలుబు."

ఆకుకూరల గంప పక్కన పెట్టుకుని టీ తాగుతున్న లక్ష్మీనరసమ్మ గ్లాసు దించింది. "అన్నా, రోజూ చేపకని నా దగ్గర పాలకూర తీసుకునే వదిన, పొద్దున కట్ట వెనక్కిచ్చింది. ఇంక అక్కర్లేదమ్మా అని కళ్లు తుడుచుకున్నది."

నాగేంద్ర మెల్లగా కూర్చున్నాడు. రంగనాయకులు తన చేతుల వంకే చూసుకున్నాడు. ఇన్ని కోతలు కోసినందుకు సిగ్గేమీ అనిపించలేదు గానీ, వాటితోపాటు ఒక్క నిజం కూడా కోత కిందే జమైపోతుందేమోనని భయమేసింది.

"చేతిలో తినేది," అన్నాడు. "అది మాత్రం కోత కాదు."

మస్తానయ్య స్టవ్ మళ్లీ వెలిగించి, వేడి టీ అతని చేతిలో పెట్టాడు. "పిలిస్తే వచ్చేదా అన్నా?"

"పిలిచేదాకా ఎందుకు? నా చెప్పుల చప్పుడు వింటే వచ్చేది."