ఏడు రోజుల ఎర్రలైటు

డ్రైవింగ్ స్కూలు గుమ్మం పక్కనే టీ కొట్టు. సాయంత్రం క్లాసు అయ్యాక బ్రేకు మాస్టారు అక్కడ బెంచీ మీద కూర్చున్నారంటే ఇక లేవరు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరై, ఇప్పుడు కొత్తవాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతున్నారు. ఆ రోజు ఎదురుగా ఇద్దరు శిష్యులు: మర్నాడే లైసెన్సు పరీక్ష ఉన్న నర్సమ్మ, కొత్తగా చేరిన టైలరు. గ్లాసులు కడుగుతూ టీ కొట్టు అక్క ఓ చెవి ఇటే వేసింది.

"పరీక్షంటే భయమెందుకమ్మా? ఎర్రలైటు పడితే ఆగు, అంతే! ముప్ఫై ఏళ్ళలో నా బస్సు ఒక్క ఎర్రలైటూ దాటలేదు. ఓసారి నాలుగు రోడ్ల కూడలి, బస్సు నిండా జనం, గీతకి జానెడు ఇవతల ఆపాను. నిమిషమైంది, రెండైంది, పావుగంటైనా లైటు మారదే!"

"చెడిపోయిందేమో?" అన్నాడు టైలరు.

"చెడిపోయిందో, నన్ను పరీక్షిస్తోందో మనకేం తెలుసు? వెనక హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. నేను కదిల్తేగా! చివరికి ట్రాఫిక్ పోలీసు వచ్చి రమ్మని చెయ్యి ఊపాడు."

"పోలీసు చెయ్యి ఊపితే లైటు ఎలా ఉన్నా వెళ్ళాలని పుస్తకంలో ఉంది కదండీ?" అంది నర్సమ్మ.

"ఉంది తల్లీ, నీకు నూటికి నూరు. కానీ ఆయన నన్నే రమ్మంటున్నాడో, మొహం మీద ఈగను తోలుకుంటున్నాడో? అనుమానం వచ్చినచోట బ్రేకే మందు! అలా తెల్లారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజు మూడో సీటులో కుర్రాడికీ, ఐదో సీటులో పిల్లకీ మాటలు కలిశాయి. మూడో రోజు పెద్దలొచ్చి బస్సులోనే తాంబూలాలు మార్చుకున్నారు. నేను మాత్రం సీటుబెల్టు విప్పలేదు, అద్దంలోంచే అక్షింతలు వేశా."

"అద్దంలోంచి ఎలా వేశారు?" అక్క అడిగింది.

"వెనకకి విసిరానే, గురి కోసం అద్దం! నాలుగో రోజు వైపరు మీద పిట్ట గూడు కట్టి గుడ్లు పెట్టింది. వాన పడ్డా వైపరు వెయ్యలేదు, పాపం కదూ. ఐదో రోజు మునిసిపాలిటీ ఆయన బస్సుకి ఇంటినంబరు వేసిపోయాడు. ఆరో రోజు నుంచి పోస్టుమాను ఉత్తరాలు కిటికీలోంచి ఇవ్వడం మొదలెట్టాడు. ఏడో రోజు, అప్పుడొచ్చిందయ్యా పచ్చలైటు! జనం ఈలలు, చప్పట్లు!"

"అమ్మయ్య, కదిలారన్నమాట," అన్నాడు టైలరు.

"తొందరపడకు. కుడి చూశా, ఎడమ చూశా, అద్దం చూశా, పిట్టపిల్లలు ఎగిరిపోయాయో లేదో చూశా. ఇంతలో..."

"ఇంతలో?"

"మళ్ళీ ఎరుపు!"

టైలరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నర్సమ్మ కూడా నవ్వింది గానీ, ఆయన్నే వింతగా చూస్తూ గ్లాసు కింద పెట్టింది.

"మాస్టారూ, ఒకటడగనా? పోయినేడు నాకు ఎముకల వార్డులో డ్యూటీ. మొహానికి మాస్కు, మీరు గుర్తుపట్టలేదు. మోచెయ్యి విరిగి మీరొచ్చారు. కట్టు కడుతున్నంతసేపూ ఒకటే మాట. 'రెండు సెకన్లమ్మా, ఆ ఎర్రలైటు దగ్గర రెండు సెకన్లు ఆగలేకపోయాను' అని. ఏడు రోజులు ఆగిన మనిషికి ఆ రెండు సెకన్లు ఎక్కడ కరువయ్యాయండీ?"

అక్క గ్లాసులు వదిలేసి ఇటు తిరిగింది.

"అది... అది స్కూటరమ్మా. నేను చెప్పింది బస్సు సంగతి," అన్నారు మాస్టారు. ఎవరూ నవ్వలేదు.

"అవతల ఎవరికైనా తగిలిందా?" టైలరు మెల్లగా అడిగాడు.

మాస్టారు చల్లారిన టీ గ్లాసు పక్కకి జరిపారు.

"సైకిలు మీద బడిపిల్ల అడ్డొచ్చింది. దాన్ని తప్పించబోయి నేను గోడకి కొట్టుకున్నా. ఆ పిల్లకి గీత కూడా పడలేదు," అన్నారు. "పడి ఉంటే ఈ బెంచీ మీద కూర్చుని ఇలా కోతలు కోసే మొహం నాకెక్కడిది?"