పెద్ద ఒరలో చిన్న తుపాకి

"మావయ్యా, మీ రోజుల్లో ఎస్సైలు నడుముకి ఏం పెట్టుకునేవారండీ? మాకైతే ఎస్సై ట్రైనింగులో ఈ నైన్ ఎమ్మెమ్ పిస్తోలే ఇచ్చారు."

ఎంత మంచి మాట అడిగావురా అల్లుడూ. రిటైరై ఈ తాడేపల్లిగూడెంలో కూర్చున్నాక నన్నెవరూ ఈ మాట అడగలేదు. పెన్షన్ వచ్చిందా, మోకాలెలా ఉంది, ఇవే. కూర్చో. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు మంచం మీదికి రా.

మా రోజులంటే యాభైల నాటి సంగతి. నేను కొత్తగా కానిస్టేబుల్నయ్యాను. మాకు నడుముకేముంటుంది, లాఠీ. గొడవలేవైనా వస్తే మస్కెట్లిచ్చేవారు. రివాల్వరు ఎస్సై గారికే. అది ఫోర్ డబుల్ ఫైవ్. సరిగ్గా చెప్పాలంటే ముందు పాయింటు పెట్టాలి, అంటే అంగుళంలో సగానికి కాస్త తక్కువ. ఎస్సెల్సీ తప్పాను గానీ దశాంశాలు మర్చిపోలేదు. దాని గుండు నా చిటికెనవేలి కొసంత లావుండేది. రివాల్వరు ఎత్తితే మణికట్టు కిందికి లాగేది. ఆ తరవాత, ఆ పాతవి ఒక్కొక్కటే వెనక్కి తీసుకుని, చిన్నవి ఇవ్వడం మొదలెట్టారు. పాయింట్ త్రీ ఎయిట్. దాని గుండు రేగ్గింజంత. తేలిక, చేతికి ఒదుగుతుంది. బాగానే ఉంది. కానీ చూడు, తుపాకి మార్చారు గానీ తోలు ఒర మార్చలేదు. వస్తాయి, వస్తాయి అన్నారు, రాలేదు. అక్క జాకెట్టు చెల్లెలికి తొడిగినట్టు, పెద్ద ఒరలో చిన్న తుపాకి.

అప్పుడు నేను కొల్లేటి ఒడ్డున ఒక స్టేషన్లో ఉండేవాణ్ణి. ఊరి పేరెందుకులే. మా ఎస్సై రామలింగం గారని, అనంతపురం వైపు మనిషి. పెళ్ళి కాలేదు. మంచివాడే, ఎవర్నీ ఒక మాట అనేవాడు కాదు. అయినా ఆయన వీధిలోకొస్తే అరుగుల మీదున్నవాళ్ళు లేచి నిలబడేవారు. టీ దుకాణానికెళ్తే బల్ల ఖాళీ అయిపోయేది. దుకాణంవాడు గ్లాసు రెండుసార్లు కడిగిచ్చేవాడు గానీ, ఆయన పక్కన కూర్చునేవాడెవడు? తనే వండుకుని, గోడవైపు తిరిగి తినేవాడు. నాకైతే దెందులూరులో మీ పెద్దమ్మమ్మ ఉండేది, ఆదివారం వెళ్తే సున్నుండలు కట్టిచ్చేది. నెయ్యి అప్పట్లో ఎంత చవకనుకున్నావు... సరే, అది వేరే ముచ్చట. ఆయనకి ఎవరూ లేరని చెప్తున్నాను.

నడివేసవి దాటింది. కొల్లేటి మధ్య లంకలో రెండు గూడేలవాళ్ళు వలల దగ్గర తగువు పడ్డారని కబురొస్తే బయల్దేరాం. దోనె నడిపేది సోమయ్య. తాడి మొద్దు తొలిచిన దోనె, మనం గట్టిగా ఊపిరి పీల్చినా ఊగేది. మా ఎస్సై గారికి నీళ్ళంటే భయం. రివాల్వరు పిడికి ఒక తాడుంటుంది, మెడలో వేసుకుంటారు, జారిపోకుండా. అది చూసి సోమయ్య అన్నాడు, "అయ్యా, ఆ తాడు తీసేయండి. కొల్లేట్లో మెడకి తాడుండకూడదండి. దోనె తిరగబడితే కిక్కిస గడ్డి దుబ్బులకి చుట్టుకుని లేవనివ్వదండి. మా ఆడాళ్ళు పైటచెంగు కూడా బిగించి దోపుకుంటారండి." వాడు అబద్ధం చెప్పలేదు. కొల్లేటివాళ్ళందరూ పాటించే మాటే. ఆయన తీసేశాడు.

ఇంక ఒర సంగతి. దాని మూత గుండీ ఎప్పుడో ఊడిపోయింది. లోపల తుపాకి లొటలొటలాడకుండా ఒక గుడ్డముక్క కుక్కుకునేవాడు. ఆ ఎండకి ముఖం తుడుచుకోవడానికి ఆ గుడ్డే లాగాడు. అంతలో పక్క దుబ్బులోంచి ఒక గూడబాతు, ఎంత పక్షనుకున్నావు, రెక్కలు టపటపలాడించుకుంటూ లేచింది. ఆయన ఉలిక్కిపడి ఇటు ఒరిగాడు. తుపాకి ఒరలోంచి జారి బుడుంగుమంది.

అంతే. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇంగ నా ఉద్యోగం అయిపాయప్పా," అన్నాడు. సర్కారు తుపాకి పోతే ఊరుకుంటారా. ఉద్యోగం పోవడం ఒకటి, అది ఎవరి చేతికైనా దొరికి ఏదైనా జరిగితే అదొకటి.

నేను దూకబోయాను. సోమయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "దిగకండి. తొక్కారంటే అడుసులో ఇంకా కిందికి పోద్ది." తన గడ అక్కడే గుచ్చి, తలగుడ్డ దానికి కట్టాడు. "రేపు సాయంత్రం దాకా ఆగండయ్యా. తాడు తియ్యమన్నది నేనేగా."

ఎస్సై గారు, "రేపు సాయంత్రం దాకా చూస్తా. దొరక్కుంటే ఏలూరు పోయి పెద్దాఫీసర్ల ముందర నేనే చెప్పుకుంటా," అన్నాడు. పడమటి వైపు మబ్బు కడుతోంది. ఒక్క పెద్ద వాన పడి తమ్మిలేటి వరద వచ్చిందంటే ఆ చోటు నిలువు లోతవుతుంది. అదీ మా గుబులు.

తెల్లారేసరికి సోమయ్య గూడెం గూడెమంతా అక్కడుంది. తగువు పడ్డ రెండో గూడెంవాళ్ళు కూడా. ఏం చేశారంటావా? వేసవిలో వాళ్ళు చేపలు పట్టే పద్ధతే. గడ చుట్టూ అడుసుతో, కిక్కిస మోపులతో గట్టు పోసేసి, లోపలి నీళ్ళు గూడతో బయటికి తోడేయడం. గూడ తెలుసుగా, బుట్టకి రెండువైపులా తాళ్ళు కట్టి ఇద్దరు నిలబడి ఊపుతారు. ఎస్సై గారు కాసేపు చూసి, చొక్కా, బెల్టు, టోపీ విప్పి నా చేతిలో పెట్టి, బనీనూ లుంగీతో దిగిపోయాడు. అవతలి తాడు సోమయ్య తల్లిది. పళ్ళు లేవు గానీ నోరుంది.

"ఏందబ్బాయ్, ఉయ్యాలూపినట్టు ఊపుతున్నావు? మీ అమ్మ నీకు నీళ్ళు తోడ్డం నేర్పలేదా?" అంది.

"మా ఊర్లో తోడేదానికి నీళ్ళేడుండాయవ్వా," అన్నాడాయన.

గట్టంతా ఒకటే నవ్వు. ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. ఇంక అక్కణ్ణుంచి, అబ్బాయ్ ఇటు లాగు, అబ్బాయ్ అటొంచు, ఆవిడ వదల్లేదు. మధ్యాహ్నం ఆ గట్టుమీదే తామరాకుల్లో అన్నం, కొర్రమీను పులుసు. ఆయన అందరి మధ్యా గొంతుకూర్చున్నాడు. ఆవిడ ముల్లు తీసి మరీ ముక్క ఆయన ఆకులో వేసింది. "తిను, ఎముకలు లెక్కెట్టుకోవచ్చు నిన్ను చూస్తే," అంది. తలొంచుకుని తింటున్నాడు. కారమెక్కువైందో ఏమో, కళ్ళు తుడుచుకున్నాడు.

పొద్దు వాలుతుంటే నాలుగు చినుకులు పడ్డాయి. నీళ్ళు పాదాల లోతుకి వచ్చాయి. జెల్లలు, మట్టగిడసలు ఎగురుతున్నాయి, ఒక్కరూ వాటివంక చూడరే. అందరూ వరసగా కాలి వేళ్ళతో అడుసు వెతుకుతున్నారు. ముసలావిడ ఆగింది. "ఇది చేప కాదురా సోమయ్యా. కదలదు," అంది. వంగి తీసింది. రేగ్గింజ తుపాకి, నల్లటి అడుసు కారుతోంది.

హమ్మయ్య అన్నాం. ఆయన దాన్ని కడిగి, తుడిచి, గుళ్ళు తీసి చూసుకున్నాడు. ఆరూ ఉన్నాయి. నా దగ్గర చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు, తుపాకి ఒరలో పెట్టి గుడ్డ కుక్కాడు, టోపీ పెట్టుకుని వాళ్ళవైపు తిరిగాడు.

ఇదిగో అల్లుడూ, ఇది చెబుదామనే ఇంతసేపూ. ఆయన తిరిగేసరికి గట్టుమీద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ లెమ్మనలేదు. ముసలావిడ కొంగు తలమీదికి లాక్కుని చేతులు జోడించింది.

"కూచో అవ్వా," అన్నాడాయన.

"పర్లేదండి, బాబుగారూ," అంది.

పొద్దుటినుంచీ అబ్బాయి. ఇప్పుడు బాబుగారు. చేపలు వాళ్ళే బుట్టలో పోసి, మర్యాదగా దోనెలో పెట్టారు. తిరిగొస్తుంటే అడిగాడు నన్ను, "దొరికింది మంచిదే గదా?" "మంచిదేనండి," అన్నాను. నిజంగా మంచిదే కదా మరి. ఇంకేమంటాను? ఆ చేపలు ఆయనే వండుకున్నాడు. గోడవైపు తిరిగే తిన్నాడు. వానలు తగ్గకముందే ఎక్కడికో బదిలీ అయింది, మళ్ళీ చూడలేదు.

నా సంగతంటావా. మీ అత్తయ్య ఉన్నన్నాళ్ళూ ఈ వీధి ఆడవాళ్ళు పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చునేవారు. వాళ్ళ కబుర్లు ఈ గదిలోకి వినపడేవి. ఇప్పుడా తలుపు గడియ తియ్యడం లేదు. నేనెళ్తే టీకొట్టు దగ్గర ఇంకా జరిగి చోటిస్తారు. పోలీసాయన అంటారు. నా దగ్గర లాఠీ కూడా లేదురా.

సరే, నువ్వు లే. ముందు ఆ నడుముకున్న పిస్తోలు విప్పి బీరువాలో పెట్టు. తాళంచెవి నీ జేబులోనే ఉండనీ, నా దగ్గరొద్దు. ద్వారకా తిరుమల వెంకన్న చల్లగా చూస్తాడు, దాని గుండు ఎంత లావో ఎవరికీ చూపించాల్సిన పని నీకెప్పుడూ పడదు. వెళ్ళిన ప్రతి ఊళ్ళో నిన్ను అబ్బాయ్ అని తిట్టే ముసలమ్మ ఒకత్తి ఉండాలి, అదీ నా దీవెన. వంకాయ కూర చేశాను. ఉప్పు ఎక్కువైందేమో, ఒక్కణ్ణే తింటే తెలిసి చావదు. రా, ఇటు నా ఎదురుగా కూర్చో. ఇంకొంచెం ఇటు...