తేటపడని నీళ్ళు

ఎర్రగా ఉంటే ఏమైందిరా? రంగేగా అది! నాలిక ఎర్రబడితే బడిలోకి రానివ్వమన్నారా? తినండి. పెద్దదానా, ముక్కలన్నీ అన్నం కింద దాచేస్తే నాకు కనపడదనుకున్నావా? నేనూ ఒకప్పుడు దాచినదాన్నే.

ఆకు కూర మాత్రం ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా లాగించేశారు. బీట్‌రూట్ దుంప దగ్గరకొచ్చేసరికి మూతులు ముడుచుకున్నాయి. ఒకే మొక్క కదర్రా రెండూ! పైనున్నది మంచిది, కిందున్నది చెడ్డదా?

ఏంటీ? తేటమ్మ పిన్ని కూడా తినదా?

అవును, తినదు. అలా పిలవొద్దని మీకెన్నిసార్లు చెప్పాను? మొన్న ఫోన్లో ఒకటే గోల, తేటమ్మా తేటమ్మా అని. అది కూడా మీతో కలిసి నవ్వడం, పక్కనే నిలబడి నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం. రెండు విమానాలు మారితే గానీ చేరలేనంత దూరంలో ఉండి కూడా ఆ పేరు తప్పించుకోలేకపోయింది.

ఆ పేరు ఎలా వచ్చిందో మీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే. ముప్పై ఏళ్ళుగా చెప్పలేదు. సరే, వినండి. కథ అయ్యేలోపు పళ్ళేలు ఖాళీ కావాలి.

మీ అమ్మమ్మ పెద్దాసుపత్రిలో పనిచేసేది. డాక్టరు కాదు, నర్సూ కాదు. ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ కడిగే గదికి ఆవిడ పెద్ద. అక్కడ ఒక్క కత్తెర సరిగ్గా కడగకపోతే మనిషి ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఆవిడ లోకంలో మనుషులు రెండే రకాలు. కడిగేవాళ్ళు, కడిగామనేవాళ్ళు.

ఆ ఆసుపత్రి మా ఇంటికి బస్సులో పన్నెండు గంటలు. నెలకోసారి వచ్చి రెండు రోజులుండేది. మా నాన్న అప్పటికే లేరు. నాకు పన్నెండేళ్ళు, పిన్నికి ఎనిమిది. తప్పు చెప్పకూడదు, ఎనిమిదేళ్ళ పది నెలలు.

మరి మమ్మల్నెవరు పెంచారంటావా? కాగితం పెంచింది.

నవ్వకురా, నిజం! పొయ్యి పక్క గోడకి మైదా జిగురుతో అంటించిన కాగితం. ఇరవై మూడు నియమాలు. కింద మీ అమ్మమ్మ సంతకం, సంతకం పక్కన ఆసుపత్రి ముద్ర. వంటింటి కాగితానికి ఆసుపత్రి ముద్రెందుకంటే ఏం చెప్పను? ముద్ర లేనిదాన్ని ఆవిడ కాగితమనేది కాదు.

ఒకటోది చేతులు. నాలుగోది, ఆకు వెనక్కి తిప్పి చూడాలి. ఐదోది, ఆకుకూర ఐదు నీళ్ళలో కడగాలి. ఆరోది దుంపలు. అక్షరం పొల్లు పోకుండా చెబుతాను: "దుంప ఏదైనా సరే, చెక్కు తీసి, ముక్కలు కోసి, నీళ్ళు తేటపడేవరకు కడగవలెను. తేటపడకుండా పొయ్యి ముట్టించరాదు."

బంగాళాదుంప మూడు నీళ్ళకి తేటపడేది. ముల్లంగి రెండింటికే. క్యారెట్ అయితే పాపం అసలు ఇబ్బందే పెట్టదు. ఆవిడ ఆ నియమం రాసేటప్పుడు బీట్‌రూట్ గుర్తుకు రాలేదు. ఎంత జాగ్రత్తపరులకైనా ఒక దుంప గుర్తుకు రాకుండా పోతుందిరా.

మాకు వచ్చిన వంటలు రెండే. ఆకయితే, వెల్లుల్లి చితక్కొట్టి నూనెలో వేసి, అది వాసన రాగానే తరిగిన ఆకు తడితోనే వేసి, మూత పెట్టకుండా మగ్గించడం. దుంపయితే, ముక్కలు మునిగీ మునగని నీళ్ళలో ఉడికించి, ఉప్పూ మిరియాలపొడీ జల్లడం. ఏ కాలంలో ఏది తాజాగా వస్తే అది. రోజూ సాయంత్రం ఆరింటికి కింద టైలర్ బాబాయ్ కొట్టుకి ఫోనొచ్చేది.

"ఏం వండారు?"

"ముల్లంగి."

"తేటపడిందా?"

"పడింది."

"సరే, చదువుకోండి."

అదీ మా అమ్మ. రోజుకి మూడు నిమిషాలు.

ఆ నెల ఆవిడ రాలేదు. అంతకుముందు నెలా రాలేదు. ఇంకో మూడేళ్ళు ఉండమని ఆసుపత్రివాళ్ళు అడిగారట. సోమవారం పొద్దున పదింటికి సంతకం. "ఆ సంతకం పెట్టేస్తే మీ చదువులకి ఢోకా ఉండదే" అంది. "మరి నువ్వెప్పుడొస్తావు?" అన్నాను. "పదిహేడో నియమం చదువుకో" అంది. పదిహేడోది ఏంటంటే, అమ్మ ఎప్పుడొస్తుందని మాటిమాటికీ అడగరాదు.

ఆదివారం పొద్దున కూరల బండావిడ బీట్‌రూట్లు తెచ్చింది. ఆ ఏడాదికవే మొదటివి. మట్టి ఇంకా తడిగా ఉంది, ఆకులు గొడుగుల్లా నిలబడి ఉన్నాయి. పదకొండు దుంపలు తీసుకున్నాను. కాదు, పది. పదకొండోది కొసరు.

ఆకు పని నాది, దుంప పని పిన్నిది. చెక్కు తీసింది, ముక్కలు కోసింది, గిన్నెలో వేసి కడిగింది. నీళ్ళు ఎర్రగా వచ్చాయి. పారబోసింది. మళ్ళీ కడిగింది. మళ్ళీ ఎరుపే.

"అక్కా, తేటపడలేదే."

"ఇంకోసారి కడుగు."

పన్నెండో గిన్నెకి, "దీనికేమైనా దెబ్బ తగిలిందేమో చూడవే" అంది. ముప్పయ్యో గిన్నెకి దుంపని బతిమాలడం మొదలుపెట్టింది. "చాలమ్మా, ఇంక ఊరుకోమ్మా" అని, అచ్చం ఏడుస్తున్న పిల్లని ఊరుకోబెట్టినట్టు!

పదకొండింటికి మేడ మీద ట్యాంకు ఖాళీ. నాలుగంతస్తులకి అదొక్కటే ట్యాంకు. పై అంతస్తు లెక్కల మాస్టారు తలంతా సబ్బు నురగతో, నడుముకి తువ్వాలుతో, మెట్లు దిగొచ్చారు. తిట్టడానికే వచ్చారులే. గోడ మీద కాగితం చూసి ఆగారు. ఆరో నియమం రెండుసార్లు చదివారు. ముద్ర చూశారు.

"ఊఁ... ముద్ర కూడా ఉందే" అన్నారు.

పీట లాక్కుని కూర్చుని, పలక తెమ్మని, లెక్క కట్టారు. "చూడు పాపా, ఒక్కో కడుగుకి రంగులో పదో వంతు పోతోంది. మిగిలినదాంట్లో మళ్ళీ పదో వంతు. అంటే తగ్గుతూ పోతుంది గానీ, ఎప్పటికీ సున్నా కాదు."

"అయితే ఆపెయ్యనా మాస్టారూ?"

"ఆపమని నియమంలో లేదు. ముక్కలు ఇంకా చిన్నవి చేసి చూడు."

చేసింది. రంగు రెట్టింపయింది. "భలే ఉందే!" అన్నారాయన, నురగ కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోకుండా.

మా కాలవ టైలర్ బాబాయ్ కొట్టు ముందు నుంచి పోతుంది. ఎర్ర నీళ్ళు చూసి ఆయనకి గుండె ఆగినంత పనైంది. తన ఎర్ర తానుల రంగే దిగిపోతోందనుకుని, కొట్టులో ఉన్న ఎర్ర గుడ్డంతా తొట్టెలో నానబెట్టి చూసుకున్నాడు. దిగలేదు. ఆ సంతోషంతో పైకొచ్చాడు. కాగితం చూశాడు. "అమ్మగారి సంతకమే. నేను గుర్తుపడతాను" అన్నాడు. వెంటనే తన మనుషుల్ని పక్క వీధి పంపు దగ్గరకి బిందెలిచ్చి తోలాడు.

సరిగ్గా వినండర్రా. ఇల్లంతా పెద్దవాళ్ళే. బిందెలు మోసేవాళ్ళు మోస్తున్నారు, లెక్క రాసేవాళ్ళు రాస్తున్నారు. "ఇంక చాల్లే, ఉడకబెట్టెయ్" అన్న మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడు!

తర్వాత? తర్వాత కానిస్టేబుల్ వచ్చాడు. రెండు వీధుల అవతల ఎవరో చెబితే, ఎర్ర కాలవ పట్టుకుని ఎగువకి నడుచుకుంటూ వచ్చాడు. తలుపు తీసింది పిన్ని. చేతిలో కత్తి, మోచేతుల దాకా ఎరుపు, గౌను నిండా చిందులు, మొహం నిండా ఏడుపు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్. పొద్దుట్నుంచి కడుగుతున్నా, పోవట్లేదు."

"ఎ... ఎంతమంది?"

"పది సార్. ఒకటి కొసరిచ్చారు."

ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందికి జారాడు. మంచినీళ్ళడిగాడు. తెచ్చిన గ్లాసులో కూడా కాస్త ఎరుపు తిరిగింది. అది చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

తేరుకున్నాక ఆయన కూడా కాగితం చదివాడు. "రూలు మార్చాలంటే రాసినవాళ్ళే మార్చాలి. మధ్యలో మనమెవరం?" అన్నాడు. అందరూ తలలూపారు. టైలర్ బాబాయ్‌నీ నన్నూ వెంటబెట్టుకుని, కింద కొట్టులోంచి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అమ్మని పిలిపించారు.

"అమ్మా, పోలీసు స్టేషన్ మనిషిని. మీ ఇంట్లోంచి ఎర్ర నీళ్ళు కాలవ కట్టి పోతున్నాయి. మీ చిన్నపాప చేతులు చూస్తే..."

అక్కడ లైను తెగిపోయింది.

అంతే. అంతవరకే విందావిడ.

పళ్ళెం అలా పెట్టేసి నా మొహం చూస్తావేంటే? తిను.

మర్నాడు పొద్దున అమ్మ వచ్చింది. చేతిలో సంచీ లేదు. ఆసుపత్రి ఏప్రాన్ కూడా విప్పలేదు. కాళ్ళకి రెండు రకాల చెప్పులు. పన్నెండు గంటలు బస్సులో ఏమనుకుంటూ వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. తిన్నగా వంటింట్లోకి వచ్చింది. పిన్ని గిన్నె పక్కనే చాప మీద నిద్రపోతోంది. గిన్నెలో ముక్కలు జబ్బు మనిషి పెదాల్లా పాలిపోయి ఉన్నాయి. అమ్మ వాటిని చూసింది. పిన్ని చేతులు తీసి చూసింది. వాసన చూసింది. గోడ మీద ఆరో నియమం చదివింది. మెల్లిగా నేల మీద కూర్చుంది.

తర్వాత లేచి ఆ ముక్కలే ఉడకబెట్టింది. ఉప్పేసింది, మిరియాలేసింది. ముగ్గురం తిన్నాం. అంత చప్పటి కూర నేను జన్మలో తినలేదు. తడి కాగితం నయం.

పది దాటింది. అక్కడ సంతకం ఇంకొకావిడ పెట్టింది. అమ్మ మా వీధి చివర చిన్న ఆసుపత్రిలో చేరింది. అక్కడ కడగడానికి నాలుగు కత్తెరలు. ఆ నాలుగూ పద్దెనిమిదేళ్ళు కడిగింది. మాతోనే ఉండిపోయింది.

తేటమ్మ అని మాస్టారు పెట్టిన పేరే. మేడంతా అందుకుంది, తర్వాత బడి, తర్వాత అత్తవారిల్లు. పిన్ని వచ్చినవాళ్ళకల్లా తనే చెబుతుంది, "నా తెలివితక్కువతనం వల్ల మా అమ్మ పెద్ద ఉద్యోగం పోయింది" అని. అమ్మ పోయిన రోజు కూడా చెప్పింది. చెప్పి, చుట్టూ ఉన్నవాళ్ళు నొచ్చుకోకుండా తనే ముందు నవ్వింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథ. మిగతాది నాకొక్కదానికే తెలుసు.

ఆ పొద్దున కూరల బండావిడ, సంచిలో దుంపలు వేస్తూ, నాకు చెప్పింది. "పాపా, దీన్ని కొయ్యకముందే కడుక్కోవాలి. కోశాక కడిగావా, రేపటిదాకా ఎర్రగానే వస్తుంది." నవ్వుతూ చెప్పింది. నేను కూడా నవ్వాను. మెట్లెక్కాను. పిన్నికి చెప్పలేదు.

ఎందుకంటావేంట్రా? కాగితానికి లొంగని పని ఒకటి ఇంట్లో పడితే, కాగితం రాసిన మనిషి రాక తప్పదనుకున్నాను. ట్యాంకు ఖాళీ అవుతుందనుకోలేదు. పోలీసు వస్తాడనుకోలేదు. "ఇంకోసారి కడుగు" అన్నానే, అది మాత్రం అనుకునే అన్నాను. ప్రతిసారీ అనుకునే అన్నాను.

అంతటితో అయిపోతే చిన్నపిల్ల చేష్ట అనుకోవచ్చు. లైను తెగిపోయాక టైలర్ బాబాయ్ నావైపు తిరిగి, "పాపా, పాపం అమ్మ కంగారుపడుతుందేమో. మళ్ళీ కలిపి, ఇది బీట్‌రూట్ అని చెప్పమంటావా?" అన్నాడు. ఫోన్ ఆయన చేతిలోనే ఉంది.

"కానిస్టేబుల్ గారు చెప్పారు కదా బాబాయ్, చాల్లే" అన్నాను.

పన్నెండేళ్ళు నాకు. ఆ మాట అనేసి మెట్లెక్కి పైకొచ్చేశాను.

అమ్మకి తెలుసా? ఏమో. ఆ సోమవారం పళ్ళేలు తీస్తుంటే నా రెండు చేతులూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. పిన్నికి గోళ్ళ సందుల్లో కూడా ఎరుపే. నా చేతులు తళతళలాడుతున్నాయి. కడగడం గురించి ఆవిడకి తెలియంది లేదు. చేతులు వదిలేసి, పిన్ని చేతులకి నూనె రాయడానికి వెళ్ళింది.

కళ్ళు తుడుచుకో పెద్దదానా, నీకేం కాలేదు. చిన్నోడా, నువ్వు అడగబోయేది నాకు తెలుసు. అమ్మ ఉండిపోయినందుకు నాకు సంతోషం వేసిందా అనేగా? వేసింది. ఇప్పటికీ వేస్తుంది. అందుకే క్షమించమని అడగడానికి నోరు రాదు. మళ్ళీ ఆ పొద్దున వస్తే మళ్ళీ అదే చేస్తానేమోనని భయం.

అందుకని మీరు చెప్పాలి. రేపు పిన్ని ఫోన్ చేస్తుందిగా, మీ ఇద్దరే చెప్పండి. నేను మొదలుపెడితే అక్కడ వాతావరణం ఎలా ఉందన్న మాట దగ్గరే ఆగిపోతాను, నాకు తెలుసు. ముందు బండావిడ మాట చెప్పండి. తర్వాత టైలర్ బాబాయ్ అడిగిన మాట. రెండోది మర్చిపోవద్దు, అసలుది అదే. నన్ను వెనకేసుకు రావద్దు, చిన్నప్పుడు అనే మాట వాడొద్దు. మీకు పిల్లలు పుట్టాక వాళ్ళకీ చెప్పండి, కానీ ముందు దానికి.

పిన్ని తిడితే తిట్టనివ్వండి, మధ్యలో మాట్లాడొద్దు. ఏమీ అనకుండా ఊరుకుంటే, లైను పోయిందనుకుని పెట్టెయ్యకండి. ఎంతసేపైనా సరే, అలాగే చెవి దగ్గర పట్టుకుని ఉండండి.