ముక్కు మీద నల్లమచ్చ పిల్లి

"ఇంట్ల పిల్లి సతాయిస్తుందంటే పిల్లిది తప్పు కాదు, మనకు సమజ్ గాకపోవుడు తప్పు. నాకైతే చూడంగనే సమజైతది. ఎల్లన్నా, ఒక చాయ్ పొయ్యి, చక్కెర తక్కువ. మీ కొడిమ్యాలల ఎవరింట్లనన్న పిల్లి పరేషాన్ చేస్తుంటే చెప్పుండ్రి, ఉట్టిగనే బాగుచేస్త. తెల్లది, మగది, ముక్కు మీద నల్లమచ్చ ఉన్నదైతే అన్నిటికంటె ముందు దాని కాడికే వస్త."

"గా నల్లమచ్చదే ఎందుకే?" అన్నడు హోటల్ ఎల్లన్న, చాయ్ గిలాస ముందట పెట్టుకుంట. ఇబ్రహీంపట్నం నుంచి బండి మీద వచ్చే ఈ రామస్వామి మా నడుమ కూసునుడు అది నాలుగో రోజు.

"గా రకం జర మొండిది. ఉండు, మొదటి సంది చెప్త. నేను మస్కట్ నుంచి వాపస్ వచ్చిన కొత్తల మా పక్కింటి రాధవ్వ పిల్లి రోజూ పాలగిన్నె మూత పడగొట్టేది. అందరు దాన్ని తరిమెటోళ్లే. నేనేం చేసిన్నో ఎర్కేనా? పొద్దున లేవంగనే దానికింత పాలన్నం పెట్టుమన్న. కడుపు నిండినంక దొంగతనమెందుకు చేస్తది? గంతే, బందైంది."

"గిది నిజమే ఉండొచ్చు," అన్నడు జితేందర్. ఊరవతల మక్కచేను ఉన్న పిలగాడు, రోజూ నీళ్లు పెట్టి వచ్చి ఈడ చాయ్ తాగుతడు.

"ఉండొచ్చేంది తమ్మీ? ఇంక విను. గా ముచ్చట కోరుట్ల దాక పోయింది. ఆడ జగపతి రావు దొర ఇంట్ల పిల్లి సోఫాలన్ని గీకి దూది బయటికి తీస్తుంది. పోయి దాని కండ్లల్లకు చూసిన. పాపం, గోర్లు గులగుల పెడుతున్నయ్! గోనెపట్ట చుట్టి ఒక మొద్దు నిలబెట్టిన, దాన్నే గీకుమన్న. గీకింది, గీకింది, ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మొద్దు మీద దొర వాళ్ల తాత బొమ్మ చెక్కింది! మీసాలతోని సహా!"

"మీసాలు తాతవా, పిల్లివా?" అని నవ్విండు ఎల్లన్న.

"నవ్వు, నవ్వు. సిరిసిల్లల బట్ట నేసే సాంచలు నడిపే సేటు నవ్వలేదు. ఆయన పిల్లి సాంచ మీద పోగులన్ని తెంపుతుందట. దానికి ఆడుకునేటందుకు ఏం లేక తెంపుతుందయ్యా అన్న. వారం రోజులు కూసుండబెట్టి పని నేర్పిన. పోగు తెగితే పంజాతోని ముడి ఏసుడు నేర్చింది. నెల తిరిగేవరకు ఒక్కతే ఎనిమిది సాంచలు నడిపింది, రెండో షిఫ్టుకు చెల్లెను కూడ తోలుకొచ్చింది. తంగళ్ళపల్లి పిల్లులన్ని టిఫిన్ డబ్బలు పట్టుకొని లైను కట్టి పనికి పోతుంటే రోడ్డు మీద బస్సులాగినయ్!"

"కాకా, జర కిందికి దిగు," అన్నడు జితేందర్.

"ఎందుకు దిగుత? పిల్లులు పనిల వడి ఎలుకలను మరిచిపోయినయ్. ఎలుకలకు పొద్దు పోతలేదు. మమ్ముల మళ్ల తరుమాలెనని సోమవారం సిరిసిల్ల కలెక్టరు ప్రజావాణిల దరఖాస్తు పెట్టినయ్, కింద అన్నిటి వేలిముద్రలు! నేనే పోయి పిల్లులకు ఆదివారం సెలవు ఇప్పిచ్చిన. ఇంతకు ఎవరన్న చూసిండ్రా, గా నల్లమచ్చదాన్ని? మెడకు ఎర్ర రిబ్బన్ ఉంటది."

జితేందర్ గిలాస బల్ల మీద పెట్టిండు.

"కాకా, అన్నిటికి ఉపాయం చెప్పినవ్. పక్క మీద ఉచ్చ పోసే పిల్లికి ఏం చెయ్యాలె?"

రామస్వామి చాయ్ గిలాస చేతిలకు తీసుకున్నడు. "గది... ఒక్కోదానికి ఒక్కో తీరుంటది తమ్మీ."

"సంచిల కట్టి, తోవ మరువాలెనని మూడు చుట్లు తిప్పి, పరాయి ఊరి చేన్ల ఇడిసి పోవాల్నా? పోయిన నెల నువ్వు సంచి ఇప్పంగ చూసిన. మొకానికి దస్తి కట్టుకున్నవ్, గుర్తువట్టలే. రిబ్బన్ అన్నంక సమజైంది."

రామస్వామి లేచి జితేందర్ చెయ్యి వట్టుకున్నడు.

"అది నా బిడ్డది తమ్మీ. మా వర్షది. నేను మస్కట్ల ఉన్నప్పుడు వాళ్లమ్మ పోయింది. దాన్నే పక్కల పండబెట్టుకొని ఎల్లదీసింది పిల్ల. నేనొచ్చినంక పిల్లి నా పక్క మీద పోసుడు మొదలువెట్టింది. నేనంటె గిట్టక పోస్తుందనుకున్న. నెల రోజులాయె, వర్ష నాతోని ఒక్క మాట మాట్లాడుత లేదు. నీ పిల్లిని తెస్త బిడ్డా అని చెప్పి తిరుగుతున్న. ఏడుంది తమ్మీ? నీ కాళ్లు మొక్కుత, చెప్పు."

"నేనే ఇంటికి తీసుకపోయిన కాకా. మా పక్కల మీద పొయ్యలే. బూడిదల కూసుండి ముక్కుతుండె, చుక్క రాకపోతుండె, ఒకటే ఒర్రుడు. పశువుల డాక్టరుకు చూపిచ్చిన. ఉచ్చసంచిల రాళ్లున్నయ్, గా నొప్పికే పిల్లులు పక్కల మీద పోస్తయ్, శాన దినాల సంది ఉండి ఉంటది, ముందుగాల తెస్తే బతుకుతుండె అన్నడు. మూడోనాడు సచ్చిపోయింది. చేను ఒడ్డు మీద పాతిపెట్టిన."

ఎల్లన్న పొయ్యి మంట తగ్గిచ్చిండు.

"మూడు నెలలు చెప్పింది తమ్మీ నాకు," అన్నడు రామస్వామి. "నొప్పైతుందని, నా పక్క మీద పోసి పోసి చెప్పింది. నేను కొట్టిన."

ఫోను తీసి బిడ్డ నంబరు కొట్టి జితేందర్ చేతిల పెట్టిండు. "నువ్వు చెప్పు తమ్మీ. నేను చెప్తె నమ్మది. నేను కోతలు కోస్తనని దానికెర్కే."

ఫోన్ల నుంచి పిల్ల గొంతు మా అందరికి వినవడ్డది. "నాయినా! దొరికిందా?"

జితేందర్ ఫోను చెవి దగ్గరికి తేకుంట రామస్వామి దిక్కు చూసిండు. నెల రోజులకు నాయినా అన్న ఆ పిలుపు విని రామస్వామి చెయ్యి చాపి ఫోను తీసుకున్నడు.

"సచ్చిపోయింది బిడ్డా," అన్నడు. "నా తప్పుతోని సచ్చిపోయింది."